తొమ్మిదో చెట్టు మీది నుంచి రైలు

రాజమల్లయ్య రోజూ పొద్దున పదకొండు తాటిచెట్లు ఎక్కుతాడు. పది చెట్ల మీద పని చూసుకుని దిగిపోతాడు. తొమ్మిదో చెట్టు మీద మాత్రం ఐదు నిమిషాలు ఎక్కువ ఉంటాడు. సిద్దిపేట నుంచి సికింద్రాబాద్ పోయే మొదటి రైలు ఆ ఐదు నిమిషాల్లోనే వాగు వంతెన దాటుతుంది.

యాభై నాలుగేళ్ల మనిషి. పదహారో ఏట మోకు భుజాన వేసుకున్నాడు. ఆ తాడును నడుముకూ చెట్టుకూ కలిపి బిగించి వెనక్కి వాలితే, అరవై అడుగుల ఎత్తులో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కల్లు గీసేవాళ్లందరికీ ఆ చేతులు కత్తి పట్టడానికి, కల్లు పట్టే కుండ, లొట్టి, మార్చడానికి. రాజమల్లయ్య వాటితో ఫోన్ కూడా పట్టాడు.

సిద్దిపేటకు రైలు వచ్చి ఇంకా మూడేళ్లు నిండలేదు. తొలి రైలు రోజు ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి స్టేషన్‌కు పోయింది. కల్లు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి రాజమల్లయ్య చెట్టు మీదే ఉన్నాడు. అక్కడి నుంచి రైలు మొత్తం ఒకేసారి కనపడింది, ముందూ వెనకా కూడా. కింద నిలబడ్డవాళ్లెవరికీ అలా కనపడదు. ఒక ఫొటో తీశాడు. అదే ఊరివాడు రత్నాకర్ సిద్దిపేటలో ఫొటో స్టూడియో నడుపుతాడు. అతను దాన్ని రైళ్ల ఫొటోలు తీసే హైదరాబాద్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఏ డ్రోన్ అన్నా ఇది?" అని ఎవరో అడిగారు. రాజమల్లయ్య వాయిస్ మెసేజ్ పంపాడు: "డ్రోన్ గాదు తమ్మీ, మోకు."

గ్రూపు రెండు రోజులు నవ్వి, అతన్ని కూడా చేర్చుకుంది.

అప్పటి నుంచి జాగలు వెతకడం మొదలుపెట్టాడు. ఖాళీ దొరికిన మధ్యాహ్నాలు స్కూటీ మీద పట్టాల వెంబడి తిరిగేవాడు. ఎక్కడ వంపు ఉంది, ఎక్కడ కరెంటు స్తంభం అడ్డం వస్తుంది, ఎండ ఏ వేళకు ఎటు పడుతుంది, అన్నీ చూసుకునేవాడు. తన వాటాకు రాని చెట్టు మంచి జాగలో కనపడితే దాని గౌడును బతిమాలి ఒక్కసారి ఎక్కి చూసేవాడు. దుబ్బయ్య అనే తోటి గీతగాడు దీని మీద, కల్లు అమ్మే మండువలో, అందరి ముందూ ఆడుకున్నాడు. "ఇగో, మన మల్లయ్య ఇయ్యాల నా చెట్టు ఎక్కిండు. లొట్టి ముట్టలే, కల్లు తాగలే, గాలి పీల్చుకొని దిగిండు. పైసలడుగుదామా వద్దా?"

ఎంత తిరిగినా తొమ్మిదో చెట్టును మించిన జాగ దొరకలేదు. అక్కడి నుంచి మట్టిగుట్టను కోసి వేసిన వంపు, ఆ తర్వాత తిన్నగా దారి, తర్వాత వాగు వంతెన, మూడూ ఒకే చూపులో వస్తాయి. ఒక్కటే లోపం. పట్టాలకు అది పడమటి పక్క. పొద్దున రైలుకు ఎండ కంట్లో కొడుతుంది, రైలు నల్లటి గీతలా పడుతుంది. సాయంత్రం ఐదింటికైతే ఎండ వెన్ను మీద ఉంటుంది, వంతెన బంగారంలా మెరుస్తుంది. కానీ ఆ వేళకు రైలు లేదు. మధ్యాహ్నం వచ్చి పోయాక, మళ్లీ వచ్చేది చీకటి పడ్డాకే.

ఆ వేళలో వచ్చేదల్లా కంకర బండి. సిరిసిల్ల దిక్కు కొత్త పట్టాల పనికి కంకర మోసే గూడ్సు అది. దానికి టైం బోర్డు లేదు. వచ్చినప్పుడల్లా రాజమల్లయ్య సాయంత్రం గీతకు వేరే చెట్టు మీదో, మండువలోనో ఉండేవాడు. కూత వినపడిన ప్రతిసారీ, తెల్లారి తొమ్మిదో చెట్టు బెరడు మీద కత్తితో ఒక గీత గీశాడు. ఆరు గీతలు పడ్డాయి. ఆరుసార్లూ మంగళవారమే.

ఏప్రిల్ నడుమ రత్నాకర్ ఇంటికొచ్చాడు.

"కాకా, మన వందన పెండ్లి షూట్ ఉన్నది. పిల్లకు నీ వంతెన కావాల్నట. పొద్దూకి ఎండ పడంగ, పట్టాల మీద."

వందన పక్కింటి పిల్ల. సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. రాజమల్లయ్యను పెద్దబాపు అని పిలుస్తుంది. మే నెలలో ఆమెకు నాగేశ్‌తో పెళ్లి.

"పట్టాల మీద నిలవడొద్దు రా, రైల్వోళ్లు పట్టుకుంటరు," అన్నాడు రాజమల్లయ్య.

"అర్ధగంట పని కాకా. రైలు రాకుంటే సాలు. రైళ్ల సంగతి నీ కన్న ఎవరికి ఎరుక?"

ఆ మాట రాజమల్లయ్యకు తియ్యగా తగిలింది. వేళ్ల మీద లెక్క చూసి చెప్పాడు. "రెండు దాటినంక చీకటి పడేదాంక ఏ రైలు లేదు. కంకర బండి మంగళారమే వస్తది. ఆదివారం పెట్టుకో. నేనెట్లా చెట్టు మీదనే ఉంట."

వంటింట్లోంచి భార్య కొమురవ్వ అంది: "స్టేషన్ మాస్టర్ గూడ ఇంత గట్టిగ చెప్పడు."

ఆదివారం ఐదింటికి రత్నాకర్, వందన, నాగేశ్ ముగ్గురూ వంతెన మీదికి వచ్చారు. వందన కిరాయికి తెచ్చిన ఎర్ర గౌను వేసుకుంది. దాని అంచు వెనక నాలుగు గజాలు పరుచుకుంది. రత్నాకర్ చిన్న స్పీకర్ కంకర మీద పెట్టి పాట వేశాడు. పాట ఉంటే జంటకు సిగ్గు పోతుందని అతని నమ్మకం. నూట యాభై గజాల దూరంలో, చెట్టు మీద, రాజమల్లయ్య మొదటి గెల కోస్తున్నాడు. లొట్లు మూడు నిండి ఉన్నాయి. కిందికి ఒకసారి చెయ్యి ఊపాడు. వందన కూడా ఊపింది.

ఐదూ ఇరవై దాటాక మట్టిగుట్ట వంపులో ఇంజన్ ముఖం కనపడింది.

ఎండ దాని మీద సూటిగా పడుతోంది. వెనక కంకర డబ్బాలు ఒక్కొక్కటే వంపు తిరుగుతున్నాయి. రెండున్నరేళ్లుగా అతను ఎదురుచూసిన బొమ్మ అదే, ఎదురుచూసిన చెట్టు మీదే, ఎదురుచూసిన వెలుగులోనే. రాజమల్లయ్య చెయ్యి జేబులోకి పోయింది. ఫోన్ తీశాడు. వీడియో నొక్కాడు. వంపు, దారి, వంతెన మూడూ పట్టేలా కొంచెం కుడికి తిప్పాడు.

కుడికి తిప్పినప్పుడు తెరలోకి ఎర్ర గౌను వచ్చింది.

"బండొస్తుందిరో! దిగున్రి! రత్నాకరా!"

పాట మోగుతూనే ఉంది. ఎవరూ తలెత్తలేదు. ఇంజన్ కూత వేసింది. పాటలో అదీ కలిసిపోయింది. రాజమల్లయ్య ఫోన్‌ను మట్టల సందులో దోపి, కత్తితో ఒక లొట్టి తాడు తెంపాడు. అరవై అడుగుల కింద అది రాయి మీద పడి పగిలింది. రెండోది తెంపాడు. మూడోది తెంపాడు. చెట్టు వైపు ముఖం పెట్టి నిలబడ్డ వందన ఆ తెల్లటి చిమ్ముడు చూసి పైకి చూసింది. అతని చెయ్యి ఎటు చూపిస్తోందో అటు తిరిగింది.

రత్నాకర్, నాగేశ్ ఇవతలికి ఉరికారు. వందన గౌను స్లీపరు బోల్టుకు చిక్కింది. నాగేశ్ వెనక్కి వచ్చి, గుంజి, చింపి, ఆమెను వంతెన చివర కట్ట మీది నుంచి కిందికి తోశాడు, తనూ దూకాడు. బ్రేకులు కీచుమని అరుస్తూ ఇంజన్ వంతెన దాటి ఆగింది. స్పీకర్ ముక్కలైంది. వందన కుడి మడమ దగ్గర ఎముక విరిగింది. ముగ్గురూ బతికారు.

రాజమల్లయ్య ఎట్లా దిగాడో అతనికే గుర్తు లేదు. రొమ్మంతా చెట్టు బెరడుకు గీరుకుపోయింది.

రైల్వే పోలీసులు వచ్చారు, రత్నాకర్ మీద, నాగేశ్ మీద కేసు రాశారు. చెట్టు మీద ఉన్న మనిషి మీద రాయడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. పెళ్లిని శ్రావణానికి జరిపారు. మంగళవారం లెక్క సంగతి రాజమల్లయ్య తనే ఒప్పుకున్నాడు, పోలీసుల ముందూ, వందన తండ్రి ముందూ. "గూడ్సుకు టైం ఏడుంటది మల్లన్నా, నువ్వేమన్న గార్డువా," అని ఆ తండ్రే సముదాయించాడు. మండువలో దుబ్బయ్య ఎప్పుడూ లేనిది తన లోటాలోంచి అతనికి ఒంచాడు. "మూడు లొట్లు పలగ్గొట్టి మూడు పాణాలు నిలబెట్టిండు. ఇగ నా చెట్లన్నీ ఎక్కు మల్లయ్యా, అడిగేటోడు లేడు."

రాజమల్లయ్య లోటా ముట్టకుండా లేచి ఇంటికి పోయాడు.

ఫోన్‌లో వీడియో ఉంది. ఆ రోజు మట్టల సందులో కూడా అది ఆగకుండా రికార్డవుతూనే ఉంది. రోజూ దాన్ని సౌండ్ లేకుండా చూస్తున్నాడు. ఇంజన్ రావడం, తెర కుడికి తిరగడం. అంతవరకే చూసి, మళ్లీ మొదటికి తిప్పుతాడు. నాలుగో రోజు కొమురవ్వ భుజం మీది నుంచి చూసింది.

"ఇదా? తుడిచెయ్యి."

"తుడిస్తే పోతదా?"

"ఎవలకు ఎరుక? నువ్వు కేకేసినవ్, లొట్లు ఇసిరినవ్. ఊరంత గదే అంటుంది."

"కేకెయ్యక ముందు వీడియో తీసిన, కొమురవ్వా. పిల్ల కింద ఉన్నదని యాదికే లేదు."

కొమురవ్వ "గా పిల్లకు చెప్పకు. నీకు దండం పెడుతుంది గామె. గది చాలు," అని బువ్వ వడ్డించడానికి పోయింది.

రాజమల్లయ్య గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. తొమ్మిదో చెట్టు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. పొద్దున రైలు కూత వినపడితే మట్టల్లో తల దాచుకున్నట్టు అటు తిరిగి కత్తి నూరుతున్నాడు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ముంజలు కొట్టించి, ఒక సంచిలో వేసుకుని పక్కింటికి పోయాడు.

వందన మంచం మీద కాలు చాపి కూర్చుని ఉంది. కట్టు మోకాలి దాకా ఉంది.

"రా పెద్దబాపూ. ఇన్ని రోజులు ఏడ వోయినవ్? నా పాణం నిలబెట్టి మొకం సాటేస్తవా?"

"గట్లనకు బిడ్డా."

"ఎందుకనొద్దు? నువ్వు సూడంగనే అరవకుంటే ఏమయ్యేది?"

రాజమల్లయ్య సంచి కింద పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి, వీడియో తెరిచి, సౌండ్ పెంచి ఆమె చేతికి ఇచ్చాడు. స్టూలు మీద కూర్చుని నేలను చూస్తున్నాడు.

వందన చూసింది. ఫోన్‌లోంచి మొదట గాలి చప్పుడు, దూరంగా పాట, తర్వాత అతని కేక, లొట్లు పగిలిన చప్పుడు వచ్చాయి. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. రెండోసారి మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఎడమ చెయ్యి పైకెత్తి గడియారం ముల్లును చూస్తూ కూర్చుంది. రోగుల నాడి లెక్కపెట్టేటప్పుడు ఆమె అట్లాగే చూస్తుంది. కేక వినపడగానే వీడియో ఆపింది.

కేక ముందే వినపడి ఉంటే, గౌను చిక్కకుండా వంతెన దాటడానికి ఎంతసేపు పట్టేదో ఇద్దరికీ తెలుసు. పట్టాల పక్కకు తప్పుకోవడానికి అంత కూడా అక్కర్లేదు.

ఫోన్ తిరిగి ఇస్తూ వందన అంది:

"పదకొండు సెకన్లు, పెద్దబాపూ."