ఈశ్వరికి తిరిగొచ్చిన పన్ను

సాలూరులో లారీ ఉన్న ఇళ్లకు ఒక పద్ధతి ఉంది. డబ్బు చేతికొస్తే ముందు బండికి, మిగిలితే మనుషులకు. ఈశ్వరి ఆ పద్ధతిలోనే ఇరవై రెండేళ్లు కాపురం నెట్టుకొచ్చింది. చీర కొనుక్కుందామనుకున్న నెలలోనే టైరు పేలేది. మొగుడు గోపి మంచివాడే, కాని ఇంజను చప్పుడు విన్నంత శ్రద్ధగా పెళ్లాం మాట వినడు.

ఆవిడ కోరికేమీ గొంతెమ్మ కోరిక కాదు. గోపి లోడు వేసుకుని రాయపూర్ వెళ్తుంటాడు. దారిలో సుంకి ఘాటీ కొండ ఎక్కుతుంటే మబ్బులు అద్దానికి తగులుతాయని, ఘాటీ పైన నిలబడి చూస్తే కింద రోడ్డంతా మెలికలేనని వచ్చి ఊరిస్తాడు. "ఒక్కసారి నన్నూ తీసుకెల్లు మావా" అంటే మాత్రం, "పక్క సీటు సూసేవా? స్ప్రింగులు పైకొచ్చి ఉన్నాయి. నడుం ఇరిగిపోతాది" అనేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే మాట.

ఈ ఏడు బండి లోను పని మీద ఈశ్వరే కాగితాల సంచి పట్టుకుని విజయనగరంలో ఆడిటరు దగ్గరికి వెళ్లింది. ఆడిటరు శైలజ కిరాయి చీటీలు తిరగేస్తూ, ప్రతి కిరాయిలో నూటికి రూపాయి ఎందుకు తగ్గిందని అడిగింది.

"అది లారీ ఆపీసోల్ల కమీషను కదండీ" అంది ఈశ్వరి.

"కమీషను కాదమ్మా, ఇన్‌కంటాక్సు. పాన్ నంబరుతో ఒక కాగితం రాసిచ్చుంటే అసలు కోసేవారే కాదు. మీ ఆదాయానికి పన్నే పడదు. రిటర్ను వేస్తే ఈ ఏడాదిది తిరిగొస్తుంది. పాతవి మాత్రం పోయినట్టే."

ఈశ్వరికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆ మహానుభావుడు కమీషనని తిట్టుకుంటూనే వదిలేశాడన్నమాట! కాని వచ్చేది పద్దెనిమిది వేలని వినగానే కోపం ఎటు పోయిందో పోయింది. సాలూరు బస్సు దిగేలోపే ఆ డబ్బంతా మనసులో ఖర్చు పెట్టేసింది.

"ఈ డబ్బు నాను కనిపెట్టేను. బండికి పైసా ఇవ్వను. ఇద్దరం బస్సులో ఘాటీ ఎక్కి జగదల్‌పూర్ ఎల్తాం. చిత్రకోట జలపాతం సూస్తాం. లాడ్జీలో దిగుతాం" అని ఆ సాయంత్రమే తేల్చి చెప్పింది. గోపి బుర్ర గోక్కుని నవ్వాడు.

అత్త లక్ష్మణమ్మ మిక్సీ కొనమంది. పక్కింటి నరసింగరావు వెనక టైర్లు గుర్తుచేశాడు. ఈశ్వరి ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఎర్ర సంచి ఒకటి కొని రెండు చీరలు సర్దేసింది. రోజూ పొద్దున్నే గోపికి ఫోన్ చేసి, "పడిందేటి?" అని అడిగేది.

రిటర్ను వేసిన ఆరో వారంలో నరసింగరావు వీధిలోంచే కేకేశాడు. "రిపండు పడిందట కదమ్మా! గోపి బండిని షెడ్డుకెట్టేసినాడు."

ఈశ్వరి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా షెడ్డుకు నడిచింది. లారీ పక్కన గోపి, లోపల సుత్తితో సీట్ల మేస్త్రీ సోములు.

"డబ్బు పడిందా?"

"నిన్ననే."

"బండికేనా?"

"బండికే."

ఈశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇరవై రెండేల్లలో ఒక్క పాలి అడిగేను మావా" అంది.

గోపి ఎడమ తలుపు తెరిచాడు. పాత స్ప్రింగుల సీటు లేదు. ఆ చోట ఎర్ర రెగ్జిను సీటు, దళసరి స్పాంజి, పైన చిన్న ఫ్యాను. ఆవిడ పొట్టిదని కింద ఒక మెట్టు కూడా వెల్డింగు చేయించాడు.

"బస్సోడు నువ్వడిగిన కాడ ఆపుతాడేటి? మన బండయితే సుంకిలో ఎక్కడంటే అక్కడ ఆపుతాను. రేపు లోడు రాయపూరే. జలపాతానికి జగదల్‌పూర్ కాడ కాస్త పక్కకి తిరిగితే సాలు. ఎక్కు, కాలందుతాదో లేదో సూడు."

ఈశ్వరి ఎక్కింది. అంత ఎత్తునుంచి సాలూరు ఆవిడెప్పుడూ చూడలేదు. షెడ్డు రేకులు, రోడ్డు, ఆ రోడ్డు చివర నీలంగా కొండలు. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

"దిగమ్మా, ఇంకా రెండు బోల్టులు బిగించాల" అన్నాడు సోములు.

"నాను దిగను. ఇలాగే బిగించు" అంది ఈశ్వరి.