సూట్‌కేసులో వచ్చిన సిప్రో

అది 2022. డాలస్ శివార్లలోని ఒక ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టుని. యాంటీబయాటిక్స్‌కి లొంగని క్రిములు పెరిగిపోతున్నాయని, ప్రతి ఆసుపత్రిలో ఆ మందుల వాడకం మీద నిఘా ఉండాలని ఫెడరల్ ప్రభుత్వం రూల్ పెట్టింది. దాన్నే స్టూవర్డ్‌షిప్ అంటారు. మా దగ్గర ఆ పని నాది. ఇంకేవీ పనిచేయనప్పుడు వాడే పెద్ద మందులు ఏ డాక్టరు రాసినా నా అనుమతి కావాలి.

సత్యమూర్తి అంకుల్ ప్లేనోలో మా పక్కింటాయన, రిటైరైన ఇంజనీరు. ఆ వేసవిలో ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ మా ఎమర్జెన్సీకి వచ్చారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ నిఘా రూల్ ప్రకారం డాక్టరమ్మ అడిగింది: "ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?" వాడి ఉంటే మామూలు మందుకు క్రిమి లొంగకపోవచ్చు, పెద్ద మందుతోనే మొదలుపెట్టాలి.

ఆయన భార్య కమల ఆంటీ నావైపు చూసి, "నో, డాక్టర్" అన్నారు.

వాడారు, రెండుసార్లు. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న సిప్రో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు ప్రిస్క్రిప్షన్ లేకుండా నేనే ఇచ్చాను. మనవాళ్లందరి ఇళ్లలో ఉండే అలవాటే.

కారిడార్‌లో ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "నీ లైసెన్స్ పోతుందని చెప్పలేదు బాబూ. మన మందుల సంగతి వీళ్లకెందుకులే."

డాక్టర్ ఇంకా గదిలోనే ఉంది. నేను లోపలికి వెళ్లలేదు. మామూలు మందే పనిచేస్తుందిలే అనుకున్నాను.

పనిచేయలేదు. రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు చస్తుందో చూసే పరీక్షను కల్చర్ అంటారు. దాని రిపోర్టు వచ్చేసరికి రెండు రోజులు పోయాయి. పెద్ద మందుకు డాక్టర్ అడిగిన వెంటనే అనుమతిచ్చాను. ప్రాణం దక్కింది, కిడ్నీలు పోయాయి.

తర్వాత మావాళ్లలో కథ మరోలా స్థిరపడింది. పార్టీల్లో అంకులే నా భుజం తట్టి చెప్పేవారు: "మంచి మందుకి గవర్నమెంట్ వాడు తాళమేశాడయ్యా! పాపం, మన శ్రీధర్ ఎంత ఫైట్ చేశాడో!" అందరూ రూల్‌ని తిట్టేవారు. నేను పప్పు వడ్డించుకునేవాణ్ణి. ఆ తిట్టినవాళ్లలోనే ఒకరు నన్ను పక్కకి పిలిచి, "అన్నా, ఇండియా అజిత్రో స్ట్రిప్ ఉందా?" అనేవారు.

పోయిన నెల ఆయన్ని డయాలిసిస్‌కి డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లాను. కుర్చీ పక్కన కూర్చుని చెప్పేశాను. మందు ఆలస్యమైంది రూల్ వల్ల కాదని, డాక్టర్ అడిగితే సిప్రో సంగతి దాచామని.

కేకలేస్తారనుకున్నాను. మెషీన్ వైపే చూస్తూ, "దాచామంటే? నువ్వూ, ఇంకెవరు?" అన్నారు.

ఆ రోజు మంచం పక్కన నాతోపాటు ఉన్నది ఎవరో ఆయనకే తట్టింది.

"నువ్వెళ్లు. క్యాబ్ బుక్ చేసుకుంటాను."

ప్రభుత్వం చేయగలిగింది ఆ ప్రశ్న అడిగించడం వరకే. అడిగించింది. జవాబు తెలిసినవాణ్ణి, ఆ కాపలాకే జీతం తీసుకుంటున్నవాణ్ణి, పక్కనే నిలబడి ఊరుకున్నాను.