కోడలి సముద్రం

నీళ్లు మార్చే ఆదివారమంటే నాకు పొద్దున్నుంచే కాలు నిలవదు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారుల ఇల్లు. ఆ ఇంటి ముందరి హాల్లో ఆరడుగుల అద్దాల తొట్టి, దాని నిండా సముద్రం. అందులో చేపలకంటే పగడాలే ఎక్కువ. ఉంగరంలో పెట్టుకునే రాయి కాదు, ప్రాణమున్న పగడం. నాలుగేళ్ల కింద బొటనవేలంత ముక్క తెచ్చి పై వరస రాతికి అంటిస్తే, ఇప్పుడు అన్నం పళ్లెమంత వెడల్పున ఊదారంగులో పరుచుకుంది. ఎమ్మిగనూరులో పుట్టి పెరిగిన నేను సముద్రాన్ని రెండుసార్లే చూశాను. అందుకేనేమో దాన్ని ఇంటికే తెచ్చుకున్నాను.

మా అత్తకు మాత్రం ఆ తొట్టి కంట్లో నలుసు. రెండు వారాలకొకసారి నూట ఇరవై లీటర్ల నీళ్లు మోరీలోకి వదిలేస్తానని ఆమె బాధ. మొదట్లో ఆ ఉప్పునీళ్లు పారబోయబుద్ధి కాక కరివేపాకు చెట్టుకు పోసింది. చెట్టు మాడిపోయింది. అప్పటినుంచి తొట్టి వైపు చూడటమే మానేసింది.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం, పగడం అంచు చుట్టూ కొత్తగా పెరిగిన తెల్లని గీత కనిపించింది. ఆ సంబరంలో మోటారు ఆపి, పైపు పెట్టి పాత నీళ్లు మోరీలోకి వదిలేశాను. నీళ్లు దిగి పగడం బయటపడింది. పావుగంటలో కొత్త నీళ్లు ఎక్కించేస్తాను కదా అనుకున్నాను. ముందురోజే పెరట్లో, రెండొందల లీటర్ల డ్రమ్ములో నూట ఇరవై లీటర్ల శుద్ధి చేసిన నీళ్లకు పగడాల ఉప్పు కలిపి పెట్టాను.

మూత తీశాను. డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది.

"అత్తా! దీంట్లో నీళ్లు ఎవరు పోసినారు?"

"నేనే. వారానికి ఈ పొద్దు కొళాయి వచ్చె. డ్రమ్ము వెలితిగా కనపడితే ఎట్ల ఇడుస్తా? అంచుదాకా పట్టినా" అంది గర్వంగా.

కొళాయి వచ్చిన రోజు మా వీధిలో చెంబు కూడా ఖాళీగా ఉండదు. అది తెలిసీ ఆమెకు ఒక మాట చెప్పకపోవడం నా తప్పే. అయినా నోరు ఆగలేదు. "ఆ నీళ్లు పోస్తే అన్నీ సస్తాయి! పగడం రాతికి అతుక్కుంది, కిందికి దించేకి కాదు. గంటన్నరలో మునగకపోతే ఎండిపోతాది!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది. తొట్టి కోసమే నీళ్లు శుద్ధి చేసే మిషను ఒకటి ఉంది, ఆ నీళ్లు తాగేవి కావు; అన్ని లీటర్లకు దానికేమో ఒక పగలంతా కావాలి.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. "తాగేకి కొనే క్యాను నీళ్లు పనికొస్తాయా?"

"వస్తాయి. ఆరు క్యాన్లు కావాల. క్యాన్ల ఆటో సాయంత్రం గానీ రాదు."

అప్పటికే ఆమె వీధిలో ఉంది.

"మా కోడలి సముద్రం ఎండిపోతాంది! క్యాను నీళ్లుంటే ఇయ్యండమ్మా, ఆటో వస్తానే తిరిగిస్తాం!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదురింటావిడ క్యాను చంకనెత్తుకొచ్చింది, పక్కింటాయన సైకిలు మీద రెండు తెచ్చాడు. ఇంకెవరో దొర్లించుకుంటూ వచ్చారు. చుక్క నీళ్లు వృథా అయితే విలవిల్లాడే అత్త, ఆ డ్రమ్మును తానే వంచి మొత్తం పారబోసింది. లెక్కపెడితే ఐదు క్యాన్లు వచ్చాయి. ఆరోది అత్త ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చింది. అన్నీ డ్రమ్ములో పోసి, మిగిలిన పగడాల ఉప్పు వేసి మోటారుతో గిరగిరా తిప్పాం. మామూలుగా ఒక రోజంతా కలిసే ఉప్పును గంటలో కలిపాం. మధ్యమధ్య నేను హాల్లోకి పరిగెత్తి, తొట్టిలో మిగిలిన నీళ్లే గ్లాసుతో తోడి పగడం మీద పోస్తున్నాను. వీధి వీధంతా హాల్లోనే నిలబడింది.

ఉప్పు సరిచూసి నీళ్లు ఎక్కించాను. పగడం మునిగింది. కానీ ముడుచుకునే ఉంది. ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. అత్త మాత్రం కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక ఆమే కేకపెట్టింది. "యమ్మా, రా! పూలు ఇప్పుతాంది!"

నిజమే. ఊదారంగు పళ్లెం నిండా సన్నని చేతులు ఊగుతున్నాయి. చిన్నపిల్లలా గెంతాను.

గెంతి గెంతి దాహమేసి వంటింట్లోకి పోతే, స్టాండు మీద మా క్యాను లేదు. ఆరోది మాదే. కొళాయి నీళ్లు అత్తకు గొంతు దిగవు. పొద్దున్నుంచి ఆమె ఏమీ తాగలేదు.

"అత్తా, మరి నీకు తాగేకి?"

"ఆటో వచ్చేదాకా నేను ఓర్చుకుంటా" అంది, తొట్టి మీదనుంచి చూపు తిప్పకుండానే. "అది ఓర్చుకుంటాదా?"