ముత్తయ్య సంతకం పెట్టని కాగితం

1986. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఒక అట్టల మిల్లు ఉండేది. ఇప్పుడు లేదు, దాని పేరుతో మనకు పనీ లేదు. అందులో నేను టైమ్ ఆఫీసు క్లర్కుని, టైపిస్టుని కూడా. హాజరు వేయడం, సెలవు చీటీలు చూడటం, ఎవరికైనా ఛార్జ్‌షీట్ ఇస్తే టైప్ చేయడం నా పని. ఛార్జ్‌షీట్ అంటే కార్మికుడి మీద మిల్లు మోపే తప్పుల కాగితం. దానికి కార్మికుడు ఇచ్చుకునే సమాధానమూ నేనే టైప్ చేసేవాణ్ణి. రెండు వైపులా ఒకడే రాయడమేమిటని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఆ సమాధానాలన్నిటికీ నా దగ్గర ఒకటే మూస ఉండేది: "తెలియక జరిగిన పొరపాటు, ఈ ఒక్కసారికి మన్నించగలరు." ఆలస్యంగా వచ్చినవాడికీ అదే, మిషన్ బెల్టు తెంపినవాడికీ అదే. చాలామంది దాంతో వార్నింగు మీద బయటపడ్డారు. నాకు మంచివాడన్న పేరు కూడా వచ్చింది.

ఆ ఏడాది మిల్లుకు స్పెయిన్ నుంచి ఒక పాత మిషన్ కొనితెచ్చారు. దాన్ని బిగించడానికి రామోన్ అనే పెద్దాయన వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మిల్లులో అందరూ ఆయన్ని రామన్న చేసేశారు. హెల్పరుగా సోడె ముత్తయ్యను ఇచ్చారు. చర్ల వైపు కోయగూడెం నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి, సంతకం తప్ప చదువు లేదు. ఇంగ్లీషు చదివిన ఇంజనీర్లు రామోన్ ముందు చేతులూపుతూ తంటాలు పడుతుంటే, ముత్తయ్య రెండు నెలల్లో ఆయనతో స్పానిష్‌లో మాట్లాడసాగాడు. ఇంట్లో కోయ, సంతలో తెలుగు, అడవి దాటితే అవతలి రాష్ట్రంవాళ్ళతో హిందీ. అతనికి ఇంకో భాష పెద్ద వింత కాదు. వింతంతా మాకే.

స్పానిష్‌లో మూయడాన్ని సెర్రార్ అంటారట. రామోన్ వాల్వ్ మూస్తూ ఒక మాట అనేవాడు, మూశాక ఇంకో మాట, రేపు మూయాల్సిందానికి వేరే మాట, ముట్టుకోవద్దనడానికి మరో మాట. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అవే వల్లించేవాళ్ళు. ఒకటో తరగతి పెట్టారా అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

మిషన్‌లో అట్టను ఆరబెట్టే సిలిండర్ ఉంటుంది. ఆవిరితో వేడెక్కే పెద్ద ఇనుప డోలు అనుకోండి. లోపల చేరిన నీరు పోవడానికి కింద డ్రెయిన్ వాల్వ్ ఉంటుంది. ఆవిరి ఎక్కుతున్నప్పుడు దాన్ని మూయకూడదు. రామోన్ సామాన్ల కోసం బొంబాయి వెళ్ళిన వారంలో ఎవరో మూశారు. సిలిండర్ పగిలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ మిల్లు ఆగిపోయింది.

ఛార్జ్‌షీట్ ముత్తయ్యకు వచ్చింది. విదేశీయుడి మాట అర్థంకాక వాల్వ్ మూశాడని అందులో రాయించారు. మేనేజరు నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు. తెలియక చేశానని రాసిస్తే వార్నింగుతో వదిలేస్తారట. అడ్డం తిరిగితే ఉద్యోగం పోతుందట. నాకది ధర్మంగానే కనిపించింది. నా మూసలో సమాధానం కొట్టి ముత్తయ్య ముందు పెట్టాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

"నాకు తెల్వదని ఎందుకు రాసిన్రు సార్?" అన్నాడు.

ఉద్యోగం నిలబడుతుందని చెప్పాను. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని గుర్తుచేశాను. అతను కాగితాన్ని నా వైపు తోసి, పెన్ను మూత పెట్టి, లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మేలు చేయబోతే ఇంత పొగరా అనుకున్నాను.

దాంతో డొమెస్టిక్ ఎంక్వైరీ వేశారు. అంటే మిల్లు తన ఆవరణలోనే జరుపుకునే విచారణ. ఎంక్వైరీ ఆఫీసరుగా కొత్తగూడెం నుంచి ఒక ముసలి వకీలు వచ్చాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు టైప్ చేయడానికి నేను కూర్చున్నాను. మేనేజరు లేచి, చదువురాని అడవి మనిషికి స్పానిష్ ఎలా అర్థమవుతుంది, పాపం అతని తప్పేముంది అన్నాడు. జాలిపడుతున్నట్టే అన్నాడు.

ముత్తయ్య తలెత్తాడు. "నాకు అర్థమైంది సార్. ఆ మాట ఎన్ని తీర్ల తిరుగుతదో అన్ని తీర్ల చెప్త. రాసుకోండ్రి."

రామోన్ ఇంకా బొంబాయి నుంచి రాలేదు. ఆయన టూల్‌బాక్స్ మీద వదిలివెళ్ళిన చిన్న స్పానిష్ నిఘంటువు ఉంది. వకీలు దాన్ని తెప్పించాడు. వెనక పేజీల్లో క్రియల పట్టికలున్నాయి. వాటి మీద వేలు పెట్టి, కానీయమన్నాడు.

ముత్తయ్య చేతులు కట్టుకోలేదు. గాలిలో వాల్వ్ చక్రం పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టి మొదలుపెట్టాడు. నేను మూస్తున్నాను, సియెర్రో. నువ్వు మూస్తున్నావు, సియెర్రాస్. ఆయన మూస్తున్నాడు, సియెర్రా. మనం అన్నప్పుడు మాత్రం సియె అనే ఆ సాగదీత ఉండదు సార్, సెర్రామోస్ అనాలె అన్నాడు. నిన్న నేను మూశాను, సెర్రే. రోజూ మూసేవాణ్ణి, సెర్రాబా. రేపు మూస్తాను, సెర్రారే. ఈ మూడింటిలోనూ సాగదట. వకీలు వేలు ఒక్కో గడి దిగుతూ వచ్చింది. ఎక్కడా ఆగలేదు. విన్నది విన్నట్టు నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నాను.

"మూయకు అనాలంటే?" అని వకీలు అడిగాడు.

"నో సియెర్రెస్. రామన్న పోయేముందు ఆ డ్రెయిన్ మీద చెయ్యేసి మూడుసార్లు చెప్పి పోయిండు. నేను మూయలే. చిన్నసారు జల్దీ ప్రెషర్ రావాలని తన చేత్తోటే మూసిండు. వద్దని తెలుగుల చెప్పిన. నీకేం తెల్సురా అన్నడు."

చిన్నసారంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జి, మేనేజరు బావమరిది. వకీలు కళ్ళజోడు తీసి నా వైపు చూసి, మొత్తం టైప్ అయిందా అన్నాడు. అయిందన్నాను.

ఎంక్వైరీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పేజీ మీద అక్కడున్నవాళ్ళంతా సంతకం పెట్టాలి. ఒక కార్బన్ కాపీ కార్మికుడికి అప్పటికప్పుడే ఇవ్వాలి. చాలాచోట్ల రేపు మాపంటూ ఎగ్గొడతారు. నిజం చెప్పాలంటే నేనూ ఎగ్గొట్టినవాణ్ణే. ఆ రోజు మాత్రం సంతకాల తడి ఆరకముందే కాపీ ముత్తయ్య చేతిలో పెట్టాను.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. "మూడో పేజీ మళ్ళీ కొట్టవయ్యా, ఆ స్పానిష్ గోలంతా తీసేసి. అతను తెలీదన్నాడని రెండు ముక్కలు చాలు" అన్నాడు.

"కాపీ ఇచ్చేశానండీ. మీ సంతకం కూడా ఉంది దాని మీద" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇదంతా నీ పనేనా అన్నట్టు చూశాడు. అవును, నా పనే. జీవితంలో మొదటిసారి నా పని నేను సరిగ్గా చేశాను.

నేరం రుజువు కాలేదని వకీలు రాశాడు. చిన్నసారుకు ఛార్జ్‌షీట్ రాలేదు, రాదని మాకు ముందే తెలుసు. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగింది. ముత్తయ్య మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు గేటు దగ్గర అతన్ని ఆపి అడిగాను. వార్నింగు తీసుకున్నా ఉద్యోగం ఉండేది కదా, అంత మొండితనం దేనికని. అతను కోపం తెచ్చుకోలేదు. నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పాడు.

"ఉద్యోగం ఉండేది సార్. నాకేం తెల్వదని నేనే రాసిచ్చినంక, రేపు ఆ వాల్వ్ మూయొద్దని చెప్తే ఎవడింటడు? ఇంకోపాలి పగిల్తే పక్కన మనుషులుంటరు."

నేనాలోచించింది అతని ఉద్యోగం గురించి. అతను ఆలోచించింది ఆ మిషన్ చుట్టూ తిరిగే పదిమంది ప్రాణాల గురించి. మంచి చేస్తున్నాననుకుంటూ అతనికున్న తెలివిని నా చేత్తో కొట్టేయబోయాను. అంతకుముందు ఎంతమందికి అలా కొట్టేశానో లెక్క లేదు. వాళ్ళలో ఒక్కరినైనా, ఇది నీకు తెలుసా అని నేను అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.