కూత వినబడని మేడం

ఆ ఫ్యాక్టరీ టెస్టింగ్ గదిలో ఆమెను ఎదురుగా "మేడం" అనేవాళ్లు, అటు తిరగగానే "పాముచెవుల మేడం" అనేవాళ్లు. అది తెలిసినా ఆమెకు కోపం రాలేదు, లోలోపల మురిసిపోయేది కూడా. కరెంటును మార్చే కన్వర్టర్లలో కాయిల్ అనే తీగచుట్ట చేసే సన్నటి కూతను బట్టే ఏది బాగుందో, ఏది మొరాయిస్తోందో ఇరవై ఆరేళ్లుగా చెప్పేస్తోంది మరి. మీటర్లు తర్వాత ఒప్పుకునేవి.

పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. అమ్మ పోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కతే.

ఆ వారం లిఫ్టుల కోసం చేసిన రెండు కన్వర్టర్లను పక్కపక్కనే ఒకే లైనుకు కలిపారు. నిండు లిఫ్టు పైకెక్కేటప్పుడు అవి బ్యాటరీల్లోని కరెంటును లైనుకివ్వాలి. దిగేటప్పుడు లిఫ్టు తిరిగిచ్చే కరెంటును బ్యాటరీల్లో దాచాలి. ఎప్పుడివ్వాలో, ఎప్పుడు తీసుకోవాలో దేని లోపలున్న మైక్రోకంట్రోలర్ చిప్పు దానికి చూసుకుంటుంది. వాటికి ప్రోగ్రాం రాసింది ఆమే.

గురువారం భోజనాల వేళకు రెండిటినీ మళ్లీ ఆన్ చేసి, చెవి ఒగ్గి, "నిక్షేపంగా ఉన్నాయి. పంపించేయొచ్చు," అంది.

కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయి చెవులు మూసుకుంది. "అదేంటి మేడం, చిల్లులు పడేలా అరుస్తుంటేనూ!"

ఆమె నవ్వబోయి ఆగింది. ఆ పిల్ల మొహంలో వేళాకోళం లేదు. గదిలో మిగతా ఇద్దరూ తల దించుకున్నారు. అంటే వాళ్లకీ వినబడుతోంది.

"చూస్తాలే. మీరు భోజనాలకెళ్లండి," అంది.

ఒంటరిగా మీటరు తగిలించింది. లైను మీద కరెంటు వాడుకునే లోడే లేదు. అయినా మొదటిది పద్దెనిమిది ఆంపియర్లు ఇస్తోంది, రెండోది దాన్నంతా తన బ్యాటరీలోకి గుంజుకుంటోంది. మొదటి చిప్పు వోల్టేజీని ఉన్నదానికన్నా పిసరంత తక్కువ చదువుతోంది. తగ్గిందనుకుని అది ఎగదోస్తుంటే, ఎక్కువైందనుకుని రెండోది లాగేస్తోంది. కాయిళ్ల అరుపు అందుకే.

కొలత సరిచేసింది. ఎంత ఎక్కువ ఇస్తే వోల్టేజీ అంత కాస్త తగ్గించుకోవాలని, ఎంత ఎక్కువ తీసుకుంటే అంత కాస్త పెంచుకోవాలని రెండు ప్రోగ్రాముల్లోనూ నాలుగు వరుసలు చేర్చింది. ముల్లు సున్నాకి జారింది. లోడు పెట్టి చూస్తే చెరి సగం పంచుకున్నాయి.

కూత ఆగిందో లేదో మాత్రం తెలియలేదు. గది ఊడవడానికొచ్చిన ఆవిడను అడిగింది: "ఏమ్మా, ఇక్కడేమైనా కూత వస్తోందా?"

"ఇందాకటిదాకా వచ్చిందమ్మా, చెవిలో దోమ దూరినట్టు. ఇప్పుడు లేదు. సోమవారం నుంచీ ఉంది కదా, మీకు తెలుసనుకున్నా."

వాళ్లు తిరిగొచ్చాక ఆమె దాచలేదు. "ఇకమీద కూత వస్తే నాకు చెప్పండి. నాకు వినబడటం లేదు."

"అలాగే మేడం!" అని గట్టిగా అరిచింది కొత్తమ్మాయి.

"మాటలు వినబడతాయిలేవే, అరవకు," అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

శనివారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇరుకు గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం రాగానే బటన్ నొక్కమన్నారు. మొదట్లో టకటకా నొక్కింది. తర్వాత చాలాసేపు బొటనవేలు బటన్ మీదే ఊరికే ఉండిపోయింది.

"సన్నటి శబ్దాలు వినబడకపోవడం వయసుతో వచ్చేదేనండీ," అన్నాడు డాక్టరు. "టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నారని ఇంట్లోవాళ్లెవరూ అనలేదా?"

"ఎవరంటారండీ," అని ఆయనిచ్చిన చీటీ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.