స్నేహితురాలు లేని వీధి

ఎనభైల మొదట్లో విశాఖలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివేదాన్ని. ఒక వీధిలో ఎవరికెవరితో స్నేహం కలిసే అవకాశం ఎంతో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. వన్ టౌన్‌లో పోర్టు కూలీలుండే ఒక వీధిలో ఇంటింటికీ వెళ్లి, "మీ స్నేహితురాళ్లెవరు?" అని ఆడవాళ్లని అడిగాను.

ఎదురెదురు గుమ్మాలు, ఒకటే కుళాయి. నా లెక్క ప్రకారం సత్యవతికీ అప్పలనరసమ్మకీ స్నేహం ఖాయం. సత్యవతి మాత్రం ఆవిడ పేరెత్తలేదు.

మర్నాడు కుళాయి దగ్గర అప్పలనరసమ్మ, "సత్తెవతి నా పేరు సెప్పుంటాది కదా?" అంది.

"లేదండీ" అనేశాను, నా ఖర్మ!

బిందె దభీమని పడేసింది. "దానికి పురుడు నానే పోసినాను. నా పేరే సెప్పనేదా?"

ఆ అరుపుకి వీధంతా నా చుట్టూ మూగింది. సత్యవతి పరుగున వచ్చి నామీదే విరుచుకుపడింది.

"నువ్వడిగింది స్నేయితుల్ని కదేటి? ఈవిడ మా అప్ప! అప్పని ఎవులైనా స్నేయితురాలంటారేటి? సదువుకున్నావు, ఆమాత్రం తెల్దా?"

ఒకరిది భీమిలి, ఇంకొకరిది కాకినాడ. అక్కాచెల్లెళ్లెప్పుడయ్యారో దేవుడికే తెలియాలి! మళ్లీ మొదట్నుంచీ అడిగితే, వీధిలో దగ్గరివాళ్లంతా ఒకరికొకరు అప్పలూ, వదినలూ, పిన్నులే. స్నేహితులన్నవాళ్లు ఉత్త ముఖపరిచయస్తులు.

నెలల చాకిరీ కుళాయి పాలైందని ఏడుపు ముఖంతో కాగితాలు సర్దుకుంటుంటే, అప్పలనరసమ్మ టీ గ్లాసు తెచ్చిచ్చింది.

"తాగు సెల్లీ."

ఆ వీధిలో నాకు ఈనాటికీ స్నేహితురాలంటూ ఒక్కరూ లేరు.