లక్ష్మి అని చెప్పిన రోజు

మొన్న నెల్లూరులో కంటి ఆసుపత్రికి వెళితే, చీటీ రాసే అమ్మాయి నా పేరు విని, తలెత్తి చూసి, తెలుగు ఎంత బాగా మాట్లాడతారవ్వా, మీది ఏ ఊరు అని అడిగింది. పాపం, మెచ్చుకోలుగానే అడిగింది. ఎనభై ఎనిమిదేళ్లుగా ఈ ఊరేనమ్మా అని నవ్వాను.

దేశం రెండు ముక్కలైన ఏడాది నాకు పదేళ్లు. నాయన దర్జీ. మా వీధి వాళ్ల పెళ్లి రవికల నుంచి, కోట ఊరి వైపు సముద్రం మీద చేపలు పట్టేవాళ్ల చొక్కాల దాకా ఆయన మిషను మీదే కుట్టేవాడు. మా ఊళ్లో ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా ఎక్కడో ఉత్తరాన రైళ్లలో జరిగిన ఘోరాలు టీ కొట్టులో ఎవరో పత్రిక చదువుతుంటే విని వచ్చిన నాయన, అన్నం కలిపి, తినకుండానే లేచిపోయేవాడు. అమ్మ పట్టపగలే గడియ వేసేది. పాలామె తలుపు తట్టినా ఉలిక్కిపడి నన్నూ చెల్లెల్నీ వంటింట్లోకి తోసేది. వీధిలో ఎవరైనా పేరడిగితే లక్ష్మి అని చెప్పమని నాకు నేర్పిందీ అప్పుడే.

చిన్నాయన ముందే కరాచీ చేరి, అమ్మ చెల్లెలైన పిన్నికి కబురు పెట్టాడు. ఆమె అత్తగారితో కలిసి మద్రాసు మీదుగా బొంబాయి పోయి ఓడెక్కాలి. మేమూ పోదామని అమ్మ ట్రంకుపెట్టె సర్దే ఉంచింది. నాయన మాత్రం అవుననీ కాదనీ అనలేదు. పిన్నిని సాగనంపడానికి అందరం స్టేషనుకు వెళ్లాం. పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, "నీ పేరేందమ్మా?" అన్నాడు.

"లక్ష్మి" అన్నాను.

ఆయన చూపు పిన్ని బురఖా మీదికి పోయి, మళ్లీ నా మీదికి వచ్చింది. అమ్మ గోళ్లు నా భుజంలో దిగాయి.

"భయంతో అట్టా చెప్పిందన్నా. దాని పేరు ఖాతూను. మేం ఈ ఊరోళ్లమే" అన్నాడు నాయన.

"మీరు గూడా పోతుండారా?"

"లేదన్నా. మా మరదల్ని రైలెక్కించేదానికి వచ్చినాం."

ఉండిపోతున్నామని అమ్మకు తెలిసింది ఆ మాటతోనే. పెద్దాయన పట్టాల వైపు తిరిగాడు. ఆయన మనసులో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. ఇంటికి చేరేదాకా నాయన నా చెయ్యి వదల్లేదు.

పిన్ని ఉత్తరాలు కొన్నేళ్లు వచ్చి ఆగిపోయాయి. ఆమెను మళ్లీ చూడలేదు. నన్ను అబద్ధం చెప్పమని అమ్మ ఇంకెప్పుడూ అనలేదు గానీ, గడపలో నిలబడి నన్ను పేరుపెట్టి పిలవడం కూడా మానేసింది. నాకు మనవళ్లు పుట్టాక కూడా చిట్టీ అనే కేకేసేది. ఇప్పుడు నా మునిమనవరాల్ని వాళ్లమ్మ వీధంతా వినపడేలా పేరుపెట్టి పిలుస్తుంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. విన్న ప్రతిసారీ లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, వీధిలో ఎవరున్నారో చూసి వస్తాను.